కోర్టు వదిలిపెట్టిన మగ్గం

పోయిన మాఘంలో ధర్మవరంలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, ఎవరో వ్యాపారి ఐ.పి. పెట్టాడనీ, పెట్టినా అతని కారు మీద గానీ మేడ మీద గానీ ఈగ కూడా వాలలేదనీ నవ్వుతూ చెప్పుకొచ్చాడు. నా ఆకులో ఓళిగ అలాగే ఉండిపోయింది. ఐ.పి. అన్న మాట వినపడితే చాలు, ఇప్పటికీ నాకు చింతపండుతో తోమిన ఇత్తడి వాసన వస్తుంది. మన ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో కోర్టుకెళ్ళి దివాలా తీశానని ఒప్పుకోవడమంటే వీధిలో తలెత్తుకు తిరగలేకపోవడమే.

డెబ్బైల చివరి మాట. నాయన మగ్గం మా నడిమింట్లో, నేలలో తవ్విన గుంటలో ఉండేది. ఆయన అందులో కాళ్ళు పెట్టుకుని నేస్తూ ఉంటే ఆ చప్పుడుకు నాకు నిద్ర పట్టేది, చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది. ఎండాకాలం మధ్యాహ్నాలు మిద్దె గవాక్షిలోంచి దిగిన వెలుతురు పట్టు పడుగు మీద పడి, గోడంతా చిలకపచ్చగా మెల్లగా కదులుతూ ఉండేది. అందరి ఇళ్ళలోనూ గోడలు అలాగే కదులుతాయని చాలాకాలం అనుకున్నాను.

నాయన షావుకారు దగ్గర పట్టు అరువు తెచ్చి, చీరలు నేసి, బెళుగుప్ప, కంబదూరు వైపు రైతుల ఇళ్ళలో పెళ్ళిళ్ళకు మళ్ళీ అరువే ఇచ్చేవాడు. శెనక్కాయలు అమ్మినాక దుడ్లు ఇస్తామనేవాళ్ళు, మాట తప్పకుండా ఇచ్చేవాళ్ళు కూడా. కానీ వరసగా వానలు ఎగ్గొట్టాయి. ఆ చీరలు కట్టుకున్న పిల్లల ఇళ్ళలో గంజికే కరువైతే నాయన ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? ఆయన అడగలేదు, షావుకారు మాత్రం ఆయన్ను అడిగాడు. చివరకు వకీలు మాట మీద నాయన ఐ.పి. పెట్టాడు.

ఏవి పోతాయో, ఏవి మనకే మిగులుతాయో వకీలు ఆయనకు చెప్పే ఉంటాడు. నాయన మాత్రం ఇంటికొచ్చి, ఫలానా రోజు జప్తుకు కోర్టు అమీను వస్తాడన్న ఒక్క ముక్క చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ కాలపు మగవాళ్ళకు సిగ్గేస్తే నోరు పెగిలేది కాదు. దాంతో అమ్మా, అవ్వా ఇల్లంతా ఊడ్చుకుపోతారనే అనుకున్నారు. గిన్నెలు పోతే కుండల్లో వండుకుంటాం, మగ్గమే పోతే ఏం వండుకుంటాం అన్నది వాళ్ళ లెక్క.

అమీను వచ్చే రోజు నాయన రైలు స్టేషనుకు ఎదురెళ్ళగానే, మేనత్త కొడుకులు వచ్చి మగ్గం ఊడదీసి, పెరటిదారిన వాళ్ళింటికి మోసుకుపోయారు. అమ్మ గిన్నెలన్నీ తళతళా తోమి నడవలో బోర్లించింది. పోయేవాటిని అంతగా తోమడమెందుకో నాకు అర్థం కాలేదు గానీ, మురికి గిన్నెలు కోర్టుకు పంపిందని పేరు రాకూడదని ఆమె పట్టుదల.

అవ్వ ఒక్క అచ్చును మాత్రం బయటికి పంపలేదు. అచ్చంటే పడుగు దారాలు దూరివచ్చే దువ్వెనలాంటి చట్రం. నేతగాడు చీర కోసినా ఆ దారాల కొసలను అచ్చులోనే ఉంచుతాడు, కొత్త పడుగును ఆ కొసలకే పోగుపోగునా అతకాలి. కొసలు జారితే మగ్గం మొదటికొస్తుంది. అవ్వ ఆ అచ్చును ఒళ్ళో పెట్టుకుని, పైన కొంగు కప్పుకుని, పసిబిడ్డ తల్లిలా మూలన కూర్చుంది.

అమీను ముసలాయన. వంటగిన్నెలను, పడకలను, బట్టలను చూసి, ఇవి మీవే, లోపల పెట్టుకోండన్నాడు. అమ్మ మెడవైపు కన్నెత్తి చూడలేదు. గోడ గడియారం, సైకిలు, మిగిలిన పట్టు పక్కకు తీయించాడు. ఆ తర్వాత నడిమింట్లోకి వచ్చి గుంటలోకి తొంగి చూశాడు.

“ఏమప్పా, గుంత ఉండాది, మగ్గం యాడ?”

ఈ సంగతే ఎరగని నాయన తనూ వంగి గుంటలోకి చూశాడు. ఆడవాళ్ళ చూపులు పెరటి తలుపువైపు పోవడం చూసి అమీనుకు అంతా అర్థమైంది.

“నేసేవాని మగ్గం కోర్టు ముట్టదమ్మా! ఇడిసిపెట్టేదాన్నే దాచిపెడితే ఎట్ల? ఆస్తి దాచినాడని రాస్తే ఈయప్పను జైల్లో ఏస్తారు, తెల్సా?”

అవ్వ కొంగు తీసింది. “మావోడు నోరిప్పి చెప్పలేదు నాయనా. ఇదో, దాని ప్రాణం ఈడుండాది. కట్టెలు నా బిడ్డింట్లో ఉండాయి.”

అమీను కాసేపు ఆ పచ్చటి కొసలవైపు చూశాడు. “నేను అరుగు మీద బీడీ తాగుతాండా. లేసేలోపల మగ్గం గుంతలో ఉండల్ల” అని బయటికి నడిచాడు.

మగ్గం పోయింది పెరటిదారిన గానీ, వచ్చింది మాత్రం నడివీధిన. నెలల తరబడి ఎవరికంటా పడకుండా తిరిగిన నాయన పట్టపగలు, నేసిన చీర చుట్టుకునే దోనెను తనే భుజానికెత్తుకున్నాడు. ఓరగా వేసి ఉన్న తలుపులు తెరుచుకున్నాయి, వీధివాళ్ళు తలా ఒక కట్టె అందుకున్నారు. అమీను ఒక బీడీ తర్వాత ఇంకొకటి, ఎందుకో చాలా నిదానంగా తాగాడు.

మగ్గం మిగిలింది, పట్టు మిగల్లేదు. ఆ సాయంత్రం నాయన గుంటలో కూర్చుని, దారం లేని మగ్గాన్నే తొక్కుతూ ఉండిపోయాడు. ఆ చప్పుడుకు నాకు మళ్ళీ నిద్ర పట్టింది. కొన్నాళ్ళకు ఎవరో కూలికి నేయమని పడుగు తెచ్చిస్తే, దాన్ని అవ్వ కాపాడిన కొసలకే అతికారు. ఎనభైలన్నీ మేము ఆ మగ్గం మీదే బతికాం.

పెళ్ళి నుంచి తమ్ముడింటికి వెళ్ళాను, అదే మా పాత ఇల్లు. గుంట పూడ్చి బండలు పరిచి ఎన్నో ఏళ్ళయింది, దాని మీద సోఫా ఉంది. మరమగ్గాలు వచ్చాక కట్టెలను మేమే అమ్ముకున్నాం, ఏ అమీనూ రాలేదు. అటక సర్దుతూ తమ్ముడు, కావాలంటే తీసుకుపో అక్కా అంటూ ఆ అచ్చు తెచ్చిచ్చాడు. చివరి చీర కొసలు ఇంకా అందులోనే ఉన్నాయి, రంగు వెలిసిపోయి. ఇప్పుడు వాటికి పడుగు అతికేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, జప్తు చేయడానికి ఎవరూ రారని తెలిసినా, ఇల్లు చేరేదాకా పైన కొంగు కప్పుకునే కూర్చున్నాను.