బ్యాళ్లు ఉడికేదాకా

నేనిప్పుడు అద్దెకుంటున్న ఇంట్లో మొదట చూసింది గదులు కాదు, గిన్నెడు పప్పు.

గోదావరి వైపు నుంచి బదిలీ మీద వేంపల్లెకు వచ్చి, ఇల్లు వెతుక్కుంటూ ఆ తలుపు తట్టాను. ఇంటావిడకు డెబ్బై ఏళ్లుంటాయి. బోరు నీళ్లు గిన్నెలో పట్టి, గుప్పెడు కందిపప్పు వేసి పొయ్యి మీద పెట్టింది.

"బ్యాళ్లు ఉడికేదాకా కూసో నాయనా. ఇల్లు తర్వాత సూద్దువు."

మా వైపు ఇల్లంటే గాలీ వెలుతురూ చూస్తాం. నీళ్ల గురించి అడగాలని నాకెప్పుడూ తోచలేదు. గంట గడిచాక ఆమె ఒక పప్పుబద్ద తీసి నా చేతిలో పెట్టింది. ఎంత నొక్కినా నలగలేదు.

"ఈ నీళ్లకు ఉడకవు. వంటకు నీళ్లు కొనుక్కోవాల. ఇష్టమైతేనే దిగు."

"ఆ మాట ముందే చెబితే సరిపోయేది కదమ్మా" అన్నాను.

ఆమె పొయ్యి ఆర్పి గిన్నె దించింది.

"బాయి ఎండిపోయి బోరు ఏసినాము. ఆ ఏడే కోడలొచ్చె. పప్పు ఉడకబెట్టేది గూడా రాదని దినామూ తిడతా ఉంటి. ఆ పిల్ల పుట్టింటికి పోయి మళ్లా రాలా. ఆమె పోయినంక పొయ్యికాడ నేను కూసుంటే తెలిసె నాయనా, తప్పు నీళ్లదని."