వడ్డించే పిల్ల

మా అమ్మాయి కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో గార్డ్. గార్డ్ అంటే ఏమిటని చుట్టాలు ఫోన్లో అడిగితే మొదట్లో నాకు చెప్పడం వచ్చేది కాదు. బంతిని నేలకి తట్టుకుంటూ కోర్టు ఆ చివర నుంచి ఈ చివరకు మా పిల్లే తెస్తుంది. ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి వాళ్ళకి అందిస్తుంది. వాళ్ళు బాస్కెట్ వేస్తారు, చప్పట్లు వాళ్ళకి. నాకు ఒళ్ళు మండేది. ఇంత దూరం తెచ్చినదానివి నువ్వే వేసుకోవచ్చుగా అని సాధించేదాన్ని. చివరికి ఒకరోజు నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"నేను వడ్డిస్తాను అమ్మా. సండే మన ఇంట్లో నువ్వు చేసేదే."

మేముండే ఈ కాపెల్ ఊళ్ళో, మా ఇంట్లో ఆదివారం భోజనాలంటే హాలు నిండా జనం. బఫే పెట్టమని స్నేహితులు ఎంత మొత్తుకున్నా నాకు నచ్చదు. అందర్నీ వరసగా కూర్చోబెట్టి వడ్డించాల్సిందే. చిన్నప్పటి నుంచీ ఇది పప్పు గిన్నె పట్టుకుని నా వెనకే తిరిగేది. ఎవరి కంచంలో ఏది అయిపోవస్తోందో వాళ్ళు అడగకముందే కనిపెట్టేది. అందరూ లేచాక మేమిద్దరం వంటింట్లో నిలబడి మిగిలింది తినేవాళ్ళం. కోర్టులో చేస్తున్నదీ ఇదేనని తెలిశాక, ఆటలో బంతిని వదిలేసి పిల్ల కళ్ళని చూడటం నేర్చుకున్నాను.

నాలుగేళ్ళు నేనూ మా ఆయనా పులిహోర ట్రేలు కార్లో పెట్టుకుని ఆ కాలేజీకి వెళ్ళి వచ్చాం. ఆట అయ్యాక టీమంతా పేపర్ ప్లేట్లతో మా చుట్టూ చేరేది. ఇది అందరికీ పెట్టి, చివర్న ట్రే అడుగున మిగిలిన వేరుశనగపప్పులు ఏరుకుని తినేది. ఒక్కసారైనా ముందు నువ్వు తినవే అంటే వినేది కాదు.

ఆఖరి ఏడాది, సీజన్ మధ్యలో మోకాలి లిగమెంట్ తెగింది. సర్జరీ అయ్యాక ఇంటికి తెచ్చుకున్నాం. కాలేజీతో ఆట అయిపోతుందని దానికి ముందే తెలుసు, ఆ తర్వాత ఉద్యోగమే. కానీ ఇలా సోఫాలో కాలు చాపుకుని అయిపోతుందని అనుకోలేదు. పెట్టిన అన్నం కెలికి వదిలేసేది. ఏం కావాలని అడిగితే ఏమీ వద్దనేది. మోకాలి సంగతి డాక్టర్లు చూసుకుంటారు. ఆ 'ఏమీ వద్దు' వింటేనే నాకు భయం వేసేది.

అప్పుడు కోచ్ ఫోన్ చేశారు. సొంత కోర్టులో ఆఖరి ఆట రోజున, ఆ ఏడాది చదువు ముగిసే పిల్లల్ని తల్లిదండ్రులతో కోర్టు మధ్యకు నడిపించి గౌరవిస్తారు. దెబ్బ తగిలిన పిల్ల ఉంటే ఇక్కడ ఇంకో ఆనవాయితీ కూడా ఉందిట. అవతలి టీమ్ ఒప్పుకుంటే, మొదటి బాస్కెట్ ఆ పిల్లని అడ్డం లేకుండా వేయనిస్తారు. బదులుగా వాళ్ళకీ ఒకటి వదిలేసి, తర్వాత అసలు ఆట మొదలుపెడతారు. అవతలివాళ్ళు సరేనన్నారు. మా పిల్లే వద్దంది.

"అది పిటీ అమ్మా. నేను ఎర్న్ చేయలేదు."

ఎంత చెప్పినా వినలేదు. ఆ ఆదివారం ఇంటికి జనం వచ్చారు. అలవాటు ప్రకారం ఇది కాలికి పట్టీతోనే కుంటుకుంటూ లేచి పప్పు గిన్నె అందుకోబోయింది. నా స్నేహితురాలు గిన్నె లాక్కుని దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి కంచం పెట్టింది. ఒకావిడ అన్నం, ఒకావిడ నెయ్యి వడ్డించారు. ఇది తలవంచుకుని, నేను చేస్తాను ఆంటీ అంటూ మళ్ళీ లేవబోయింది. కళ్ళనిండా నీళ్ళు. నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"ఇన్నేళ్ళు అందరికీ పెట్టావు. పెట్టించుకోవడం కూడా నేర్చుకో. కూర్చో."

కూర్చుంది. నాలుగు ముద్దలు తింది. సాయంత్రం తనే కోచ్‌కి ఫోన్ చేసి వస్తానని చెప్పింది.

ఆఖరి ఆట రోజు కోర్టు గీత దగ్గరకు రాగానే నేను చెప్పులు విప్పేశాను. పిల్ల నాలుగేళ్ళు ఆడిన చోటు, చెప్పులతో ఎలా తొక్కుతాను? నన్ను చూసి మా ఆయనా బూట్లు విప్పారు. సాక్సులోంచి బొటనవేలు బయటికొచ్చి ఉంది. అంతమంది ముందు అలాగే నడిచాం. పిల్ల కిందకి చూసి నవ్వింది. దెబ్బ తగిలాక ఆ నవ్వు చూడటం అదే మొదలు.

ఆట మొదలైంది. దాని స్నేహితురాలు బంతి అందించింది. అవతలి పిల్లలు చేతులు దించుకుని నిలబడ్డారు. ఇది బాస్కెట్ కింద నుంచి మెల్లగా వేసింది. బంతి రింగుకి తగిలి బయటికొచ్చేసింది.

అవతలి టీమ్‌లో ఒక పొడవాటి పిల్ల ఆ బంతి పట్టుకుంది. తీసుకుని అటు పరిగెత్తవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆ పిల్ల నడుచుకుంటూ దగ్గరకు వచ్చి, రెండు చేతులతో బంతిని మా పిల్ల చేతుల్లో పెట్టి ఏదో అంది. మా పిల్ల తల ఊపి మళ్ళీ వేసింది. ఈసారి పడింది. మా ఆయన బాహాటంగా ఏడ్చారు. ఆయన్ని ఊరుకోబెడుతూ నేనూ ఏడ్చాను.

ఆట అయ్యాక ఆ పిల్ల ఏమందని అడిగాను. తొందర లేదు, మెల్లగా వెయ్యి అందిట.

ట్రే మూత తీశాను. ఎప్పటిలాగే గరిటె దానికి ఇవ్వబోయాను. తీసుకోలేదు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఖాళీ ప్లేటు చాపింది.

"ఆకలేస్తోంది అమ్మా. నాకు ఫస్ట్ పెట్టు."

వెనక టీమంతా ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉంది. నిలబడనీ అనుకుని, ట్రేలో వేరుశనగపప్పులన్నీ ఏరి దాని ప్లేట్లోనే వేశాను.