ఒరిజినల్ మావయ్య చూసిన సినిమా

పాత రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే ఆయన్ని వీధంతా ఒరిజినల్ మావయ్య అంటారు. ఎవరు ఏ పాట పాడినా కళ్లు సగం మూసి, పెదవి విరిచి, "ఒరిజినల్ ముందు ఇదెంత?" అనడం ఆయన అలవాటు. పాత రాక్ పాటలన్నీ గుదిగుచ్చి తీసిన సినిమా వచ్చిందని తెలియగానే భార్యను వెంటబెట్టుకుని వెళ్లాడు. హాలు ఊగిపోతోంది, జనం లేచి చప్పట్లు కొడుతున్నారు. మావయ్య మాత్రం గిటారు ఎక్కడెక్కడ తప్పిందో చూసుకుంటూ, మోకాలి మీద వేలితో తాళం వేస్తూ కూర్చున్నాడు.

ఉన్నట్టుండి పక్కనుంచి ఓ గొంతు లేచింది. చూస్తే తన భార్యే. ఒళ్లు మరిచి, లేచి నిలబడి, ముందువరస కుర్రకారుతో గొంతు కలిపి పాడుతోంది. ఏళ్ల తరబడి ఆయన షాపులోంచి వంటింట్లోకి వినిపించిన పాటే అది. ఒక్క మాట తప్పలేదు. శ్రుతి కూడా తప్పలేదని ఆయన చెవికి తెలిసింది, అదే గుచ్చుకుంది. పాట అయ్యేదాకా ఆగి, చుట్టుపక్కల వాళ్లందరికీ వినబడేలా, "ఇక కూర్చోవే! తుప్పుపట్టిన తలుపు తీసినట్టుంది" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. ఆవిడా నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. కూర్చుంది. ఆ తర్వాత ఎన్ని పాటలొచ్చినా పెదవి కదపలేదు. మిగతా సినిమా మావయ్యకు హాయిగా గడిచింది.

బయటికొచ్చాక, "ఎలా ఉందే సినిమా?" అని అడిగాడు.

"మీరింకా చెప్పలేదుగా" అందావిడ.

మావయ్య మురిసిపోయి, ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉన్నాడు.