ఆ కౌంటర్లో లేదు, అంతే

ఎదురింటి అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను సిడ్నీలో టూంగాబీ స్టేషన్ పక్కన కారు ఆపుకుని, వాన తగ్గితే దిగుదామని చూస్తున్నాను. "అమ్మాయ్, అంకుల్ ఇక లేరమ్మా. హాస్పిటల్ నుంచే మాట్లాడుతున్నా" అన్నారు. అద్దం మీద వైపర్లు అటూ ఇటూ ఆడుతున్నాయి, వాటిని ఆపబుద్ధి కాలేదు. అవి ఆడుతున్నాయంటే ఆ పెద్దాయన చలవే. ఆఫీసుకి రానని మెసేజ్ పెట్టి బండి వెనక్కి తిప్పాను.

ఆ వైపర్ల సంగతి చెప్పాలి. ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాం. పూజ చేయించడానికి హెలెన్స్‌బర్గ్ గుడికి తీసుకెళ్ళాం. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపూ కుంకుమా, అంతా పద్ధతిగా జరిగింది. మా ఆయన మరీ ముచ్చటపడి ఓ పెద్ద బంతిపూల దండ తెచ్చి, కొసలు రెండు వైపర్లకీ కట్టి, మధ్యలో జారిపోకుండా ముందు గ్రిల్‌కి గట్టిగా ముడేశారు. తిరుగు దారిలో జోరున వాన. ఆయన అలవాటుగా వైపర్లు ఆన్ చేశారు. లోపల టక్కున ఏదో విరిగింది. దండ మాత్రం తెగలేదు.

విరిగింది వేలి కొసంత ప్లాస్టిక్ బుష్. డీలర్ దగ్గరికి వెళ్తే, కౌంటర్లో అబ్బాయి స్క్రీన్ చూసి, ఆ ముక్క విడిగా అమ్మరనీ, మోటారుతో సహా మొత్తం సెట్టు కొనాలనీ, అది జపాన్ నుంచి రావాలనీ చెప్పాడు. ధర విన్నాక మా ఆయన "వానలు పోయేదాకా ట్రెయిన్‌లో పోదాంలే" అన్నారు. సిడ్నీలో వానలు ఎప్పుడు వస్తాయో ఎప్పుడు పోతాయో తెలిసినవాళ్ళెవరు?

ఎదురింట్లో గులాబీలకి నీళ్ళు పెడుతున్న అంకుల్ మమ్మల్ని గమనించారు. అప్పటికి మాకు ముఖపరిచయమే.

"ఏమ్మా, కొత్త బండి కదల్లేదేం?" అని కేకేశారు.

"వైపర్ బుష్ పోయింది అంకుల్. గింత ముక్క విడిగా దొరకదంట. మొత్తం సెట్టే కొనాల్నంట" అన్నాను. మాది కరీంనగర్ వైపు. ఆయనది తెనాలి.

"లేదన్నారా? ఆ కౌంటర్లో లేదని అర్థం, అంతే. సాటర్డే మార్నింగ్ రెడీగా ఉండు. వ్రెకర్స్ యార్డ్‌కి వెళ్దాం."

గుద్దుకున్న బండ్లూ, ముసలి బండ్లూ వరసలుగా నిలబెట్టిన పెద్ద మైదానం అది. మన పానాలు మనమే పట్టుకెళ్ళి, కావలసిన ముక్క మనమే విప్పుకుని, గేటు దగ్గర డబ్బు కట్టి తెచ్చుకోవాలి. నేను చక్కగా చెప్పులేసుకుని వెళ్ళాను. గేటు దగ్గరున్న మనిషి నా కాళ్ళ వంక చూసి తల అడ్డంగా ఊపాడు.

"గుడికొచ్చినట్టు వచ్చావేంటమ్మా?" అని నవ్వి, అంకుల్ డిక్కీలోంచి తన పాత బూట్లు తీసి ఇచ్చారు. మా వీధిలో సగం మంది ఆ బూట్లలో కాళ్ళు పెట్టినవాళ్ళేనని తర్వాత తెలిసింది.

అంకుల్ మెకానిక్ కాదు. యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు. విప్పినవన్నీ సరిగ్గా బిగించారని కూడా చెప్పను. ఆ రోజు మొదటి బండిలో బుష్ లాగుతూ ఆయనే విరగ్గొట్టారు. "పోనీలే, ఇంకో బండి చూద్దాం" అని చొక్కా దులుపుకుని లేచారు. రెండోది క్షేమంగా వచ్చింది. ఇంటికొచ్చి బిగించాక స్క్రూలు మిగిలాయి. "కంపెనీవాడు ఎక్కువ పెట్టాడమ్మా" అని జేబులో వేసుకున్నారు. ఆ వైపర్లు ఇప్పటిదాకా ఆగలేదు.

ఆ తర్వాత చాలా శనివారాలు ఆయన వెంట వెళ్ళాను. డబ్బాలో పెరుగన్నం, మాగాయ ముక్క తెచ్చుకుని, ఏదో ఒక చిరిగిన సీటు మీద కూర్చుని తినేవారు. తలుపుల లోపల ప్లాస్టిక్ క్లిప్పులు కనిపిస్తే వదిలేవారు కాదు. ఇంట్లో ఆవకాయ సీసాల నిండా అవే. ఎంత కడిగినా ఆ క్లిప్పులు కాస్త మెంతిపిండి వాసన వేసేవి. "కొత్తది కొనడం తేలికేనమ్మా. మంచి బండిని గోరంత ముక్క కోసం పారేస్తుంటే చూడలేను" అనేవారు. నాకూ ఆ పిచ్చి ఎక్కింది. ఇప్పుడు ఎవరైనా దొరకదంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయన సొంత బండి తెల్లది, ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఆంటీకి యాభై దాటాక పట్టుబట్టి డ్రైవింగ్ నేర్పింది అందులోనే. ఆంటీ ఇంకో బండి ముట్టుకోరు. ఆయనకి ఒంట్లో బాగోలేక ఆంటీయే ఆస్పత్రికి తిప్పుతున్న రోజుల్లో డ్రైవర్ తలుపు బయటి హ్యాండిల్ విరిగింది. యార్డ్‌కి వెళ్ళే ఓపిక ఆయనకి లేదు. కొన్నాళ్ళు ఆగమ్మా, నేనే వెదుకుతాను అంటూ నన్నూ వెళ్ళనివ్వలేదు. ముందు తను ఎడమవైపు నుంచి ఎక్కి, ఇటు ఒరిగి, లోపల్నుంచి తలుపు తీసేవారు. "రండి మేడమ్" అనేవారు. ఆంటీ "చాల్లెండి" అంటూ ఎక్కేవారు. మా వంటింటి కిటికీలోంచి నేను రోజూ చూసేదాన్ని.

ఇప్పుడు లోపల్నుంచి తీసేవాళ్ళు లేరు.

నెల మాసికం అయిన మర్నాడు వెళ్ళేసరికి ఆంటీ ఫోన్లో ఉన్నారు. వాళ్ళబ్బాయి దేశం ఆ కొసన పెర్త్‌లో, పియారా వాటర్స్‌లో ఉంటాడు. స్పీకర్లో అతని గొంతు వినిపిస్తోంది. "అమ్మా, దట్ కార్ ఈజ్ ఫినిష్డ్. హ్యాండిల్ లేకపోతే మెకానిక్ పింక్ స్లిప్ ఇవ్వనన్నాడు కదా. స్లిప్ లేకపోతే రెజో లేదు. అమ్మేద్దాం, టాక్సీల్లో తిరుగు, నేను పే చేస్తా."

పింక్ స్లిప్పంటే బండి రోడ్డెక్కచ్చని మెకానిక్ ఏటా ఇచ్చే కాగితం, అదుంటేనే రెజో, అంటే రిజిస్ట్రేషన్. మంచి కొడుకే, తల్లి సుఖమే కోరాడు. ఫోన్ పెట్టేశాక ఆంటీ నా వైపు తిరిగారు. "కూరగాయలకి వెళ్ళాలన్నా, గుడికి వెళ్ళాలన్నా ఒకళ్ళని అడగాలా నేను? ఆయన అంత కష్టపడి నేర్పింది అందుకేనా? రిజిస్ట్రేషన్ ఈ నెలాఖరుతో అయిపోతుందమ్మాయ్."

"నేను చూస్త ఆంటీ" అన్నాను.

దొరికిన నంబరుకల్లా ఫోన్ చేశాను. డిస్కంటిన్యూడ్, అవుటాఫ్ స్టాక్, సారీ లవ్. ఒకాయన మొత్తం తలుపే కొనుక్కోమన్నాడు. ఫోన్ పెట్టేసినప్పుడల్లా, ఆ కౌంటర్లో లేదు, అంతే, అని పైకే అనుకున్నాను. నాలుగు అంగుళాల హ్యాండిల్ దొరకలేదని ఆమె ఇంట్లో కూర్చోకూడదని గట్టిగా అనుకున్నాను.

శనివారం యార్డ్‌కి బయల్దేరుతుంటే ఆంటీ గేటు దగ్గర నిలబడి ఉన్నారు. పంజాబీ డ్రెస్ మీద అంకుల్ స్వెటరు, కాళ్ళకి అంకుల్ బూట్లు. "లోపల ఆయన సాక్సులే కుక్కాను. పద" అన్నారు. యార్డ్ గేటు మనిషి ఆ బూట్లు చూసి, ఆమె మొహం చూసి, పక్కకి జరిగి దారిచ్చాడు.

కనిపించిన ఆ మోడల్ బండ్లన్నిటికీ హ్యాండిళ్ళు ఎవరో ముందే ఊడబీక్కుపోయారు. తుంపర మొదలైంది. "ఆంటీ, వచ్చే వారం వద్దామా?" అన్నాను.

"వచ్చే వారానికి రెజో ఉండదు. ఆ చివర చూడలేదుగా మనం."

చివర, కంచె పక్కన, వెనక భాగం నుజ్జయిన అదే మోడల్ ఎర్ర బండి ఉంది. డ్రైవర్ తలుపు, దాని హ్యాండిల్ చెక్కుచెదరలేదు. "స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వు" అన్నారు ఆంటీ. బురదలో మోకాళ్ళ మీద కూర్చుని తలుపు లోపలి అట్ట లాగారు. క్లిప్పులు పటపట విరిగాయి. నేను కంగారుపడ్డాను. "విరగనీ, సీసాలో బోలెడున్నాయి" అన్నారు. ఆఖరికి హ్యాండిల్ చేతిలోకి వచ్చింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆంటీ అక్కడే ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆయన ఉంటే ఆ పాటికి పెరుగన్నం డబ్బా తెరిచేవారు.

మా వీధి చివరి మెకానిక్ దాన్ని బిగించాడు, పింక్ స్లిప్ ఇచ్చాడు. తెల్ల బండికి ఎర్ర హ్యాండిల్ బాగోదు, రంగు వేయనా అని అడిగితే ఆంటీ వద్దన్నారు.

సోమవారం పొద్దున్న వంటింట్లో ఉండగా ఎదురింటి గేటు చప్పుడైంది. ఆంటీ చేతిలో తాళాలతో వచ్చి, అలవాటుగా బండి ముందు కాసేపు ఆగారు. ఎడమవైపు సీటు కేసి చూశారు. తర్వాత డ్రైవర్ వైపు నడిచి, ఎర్ర హ్యాండిల్ పట్టుకుని లాగారు. తలుపు తెరుచుకుంది.