యాన్బులో నల్లమట్టి గోంగూర

యాన్బు వెళ్ళొచ్చానంటే ఎవరైనా ముందు అడిగేది సముద్రం గురించే. పగడాల దిబ్బలు చూశారా, పడవెక్కారా అంటారు. నేను చూసింది మట్టి. అదీ సీసాల్లో పోసి, మూత బిగించి, చీటీ అంటించిన మట్టి.

నా ఉద్యోగం అలాంటిది. జెడ్డాలో ఒక కన్సల్టెన్సీలో పనిచేస్తాను. ఎక్కడైనా ఇళ్ళు కట్టబోయే ముందు ఆ నేలలో విషపదార్థాలు ఉన్నాయేమోనని ఒకరు పరీక్షించి రిపోర్టు రాస్తారు. అది సరిగ్గా ఉందో లేదో చూసి సంతకం పెట్టడం నా పని. యాన్బు శివార్లలో ఒక కంపెనీ కుటుంబాల కోసం ఇళ్ళూ, పిల్లల పార్కూ కట్టబోతోంది. ఆ స్థలం ఒకప్పుడు చమురు ట్యాంకులు తెచ్చి కడిగిన యార్డు. వచ్చిన రిపోర్టు చదివితే మాత్రం అక్కడ కడిగినవి పాలగిన్నెలేమో అనిపించింది. ఒక్క చుక్క చమురు లేదట. నేను సంతకం పెడితే ఆదివారం పునాదులు మొదలు. కళ్ళతో చూడందే పెట్టనని పంతం పట్టాను. "అయితే మీరే వెళ్ళి చూసి రండి" అన్నారు మా మేనేజరు. కారు మాత్రం ఇవ్వలేదు.

బుధవారం ఉదయం ఆరున్నరకి బస్సు. వెళ్ళదలచుకున్నవాళ్ళు టిక్కెట్టు ముందురోజే ఫోన్లో కొనుక్కోండి. ఇకామా, అంటే ఇక్కడి నివాస అనుమతి కార్డు, చేతిలో ఉంచుకోండి, ఎక్కేటప్పుడు చూస్తారు. ఆరున్నర బస్సు ఏడుకి గాని కదల్లేదు. పక్కసీట్లో ఒక పాకిస్తానీ పెద్దాయన, యాన్బులో క్రేను నడుపుతాడట. "క్యా కామ్ కర్తే హో, భాయ్?" అని నా పనేమిటో అడిగాడు. "మిట్టీ దేఖ్తా హూఁ" అన్నాను, మట్టి చూస్తానని. ఆయన కిటికీలోంచి కనుచూపు మేర పరుచుకున్న ఇసుకని చూపించి, "తో దేఖ్ లో, బైఠే బైఠే" అన్నాడు. కూర్చున్నచోటే చూసుకునే దానికి ఇంత దూరం ఎందుకని ఆయన సందేహం. రాబోయే రెండు రోజుల్లో నాకూ చాలాసార్లు అదే సందేహం వచ్చింది.

రాబిగ్ దాటాక ఒక పెట్రోలు బంకు దగ్గర ఇరవై నిమిషాలు ఆపారు. బాగా ఉడికించి మెదిపిన చిక్కుడు గింజల ఫూలు, పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టె, టీ. ఈ ప్రయాణంలో చెప్పిన టైముకి నా ముందుకు వచ్చినవి అవొక్కటే.

పన్నెండు దాటాక యాన్బులో దిగి, టాక్సీలో సైటుకి వెళ్ళాను. గేటు దగ్గర నా పాసు లేదు. పాసు లేకపోయినా సేఫ్టీ వీడియో చూడాలట, చూశాను. హెల్మెట్ ఎలా పెట్టుకోవాలో ముప్పావుగంట నేర్పారు. బయటికొచ్చి మళ్ళీ అడిగితే గార్డు నవ్వుతూ, "బుక్రా, ఇన్షా అల్లా" అన్నాడు. బుక్రా అంటే రేపు. రెండున్నర దాకా నిలబడ్డాను, మూడు చోట్లకి ఫోన్ చేశాను. ముగ్గురూ బుక్రా అన్నారు. ఒళ్ళు మండిపోయింది. ఇంకేం చేయను, హోటలు గదికి పోయి పడుకున్నాను.

గురువారం ఏడింటికే వెళ్ళి కూర్చుంటే తొమ్మిదికి పాసు వచ్చింది. లోపల పర్యావరణం పనులు చూసేది సుధాకర్ గారు, గుంటూరాయన. మర్యాదగా టీ ఇచ్చి మ్యాప్ పరిచారు. ఆరు చోట్ల బోరు వేసి మట్టి తీశారు. ఆరూ రోడ్డు పక్కనే, వరసగా ఉన్నాయి.

"లోపల ఎక్కడా వేయలేదేంటండీ?" అన్నాను.

"బోరు వేసే రిగ్గు లోపలికెళ్తే ఇసకలో కూరుకుపోద్దండీ. అందుకే యాక్సెస్ ఉన్న చోట్లే పాయింట్స్ ఫిక్స్ చేశాం. క్లయింట్ అప్రూవ్ కూడా చేసేశారు."

కడుపునొప్పని వెళితే మోకాలు చూసి బాగానే ఉందన్నట్టుంది. లోపల ఇంకో బోరు వేయమన్నాను. "వచ్చే వారం ఒక మెయిల్ పెట్టండి, చూద్దాం" అన్నారు. ఆదివారం పునాదులు పెట్టుకుని వచ్చే వారం మెయిల్ ఏమిటండీ అని గొంతు పెంచాను. ఆయన ఇంకో టీ తెప్పించారు.

పన్నెండుకి చిరాకుతో బయటికొస్తే, ఎండలో ఒకాయన నాకోసమే నిలబడి ఉన్నాడు. పేరు నర్సయ్య, రెండేళ్ళుగా అక్కడ పైపులు వేస్తున్న జట్టుకి మేస్త్రీ, జగిత్యాల దగ్గరి వాడు. యాభై ఉంటాయి. "తెలుగు సారు వచ్చిండన్నరు. మా దిక్కు తినకుంట ఎట్ల పోతరు సారూ?" అని సైటు చివర ఉన్న క్యాంపుకి తీసుకెళ్ళాడు. పద్దెనిమిది మంది ఉంటారు. కింద కూర్చుని తిన్నాం. వేడి అన్నం, గోంగూర పప్పు. జెడ్డాలో గోంగూర దొరికినా వాడిపోయిన కట్టలే. ఇది లేత ఆకు, పుల్లగా ప్రాణం లేచొచ్చింది. రెండోసారి వడ్డించుకున్నాక ఎక్కడిదని అడిగాను.

చేతులు కడుక్కుని గదుల వెనక్కి నడిచాం. ఏసీల నీళ్ళు పైపులో కారుతుంటే వాటి కింద పచ్చగా నాలుగు మళ్ళు. మళ్ళలో మట్టి నల్లగా ఉంది.

"గీ ఇసుకల గోంగూర ఏడ మొలుస్తది సారూ?" అన్నాడు నర్సయ్య మురిసిపోతూ. "అగో, ఆ మూలకు పైపుల కోసం కాలువ తవ్వితే గీ నల్లమట్టి ఎల్లింది. అచ్చం మన రేగడే. ఇడిసిపెట్ట మనసొప్పక బకీట్లల్ల మోసుకొచ్చినం. మొదాలు జరంత వాసనొచ్చింది. ఎండల ఆరవెట్టి మేకపెంట కలిపితే పోయింది."

యాన్బులో రేగడి నేల ఎక్కడిది? ఆ మూలకి తీసుకెళ్ళమన్నాను. నర్సయ్య పార తీసుకుని మోకాలి లోతు తవ్వాడో లేదో, నల్లగా మెరుస్తూ జిడ్డు మట్టి వచ్చింది, దాంతోపాటు పెట్రోలు బంకు వాసన. ట్యాంకుల అడుగున పేరుకున్న మడ్డి అంతా తెచ్చి ఇక్కడే పూడ్చారు. రోడ్డు పక్క ఆరు బోర్లూ దీనికి ఎంత దూరంగా వెళ్ళొచ్చో అంత దూరంగా వెళ్ళాయి. గుంటలోంచీ, మళ్ళలోంచీ మట్టి సీసాలకి ఎత్తాను. కొంచెం ఆకు కూడా కోశాను.

రెండింటికి మళ్ళీ సుధాకర్ గారి గది. "ఏడో బోరంటే టైమ్‌లైన్ మొత్తం పోద్దండీ" అని మొదలుపెట్టారు.

"నర్సయ్య గోంగూర మళ్ళు చూశారా?" అన్నాను.

"చూడకేం? ప్రతి గురువారం మా ఇంటికో కట్ట పంపుతాడు. మా పాపకి గోంగూర పచ్చడి లేకపోతే..."

సీసా మూత తీసి బల్ల మీద పెట్టాను. ఆ మళ్ళకి మట్టి ఎక్కడి నుంచి వెళ్ళిందో చెప్పాను. ఆయన వాసన చూసి కుర్చీలో వెనక్కి వాలారు. "బోరు ఎక్కడ వేయాలో మ్యాప్‌లో పెట్టండి" అని, ఆదివారం పునాదులు ఆపమని మెయిల్ తనే రాశారు. నా ముందే ఇంటికి ఫోన్ చేసి ఫ్రిజ్‌లో ఉన్న పచ్చడి పారేయమన్నారు.

మూడున్నరకి క్యాంపుకి వెళ్ళి, ఇక ఆ ఆకు తినొద్దనీ, మళ్ళు పీకేయాలనీ, ఆ మట్టి చేత్తో ముట్టుకోవద్దనీ చెప్పాను. నర్సయ్య గేటు దాకా వచ్చి అడిగాడు. "రెండేండ్ల సంది తింటున్నం సారూ. మాకేమన్నయితదా?"

ఆకులోకి ఎంత ఎక్కిందో, ఒంట్లోకి ఎంత దిగిందో నాకేం తెలుసు? "రిజల్టు రానివ్వండి నర్సయ్య గారూ, చెప్తాను" అన్నాను. ఆయన తలూపి వెనక్కి వెళ్ళిపోయాడు.

నాలుగున్నర బస్సు ఐదుకి బయల్దేరింది. ఒళ్ళో సీసాల పెట్టె, నోట్లో ఇంకా గోంగూర పులుపు. ఊరు దాటుతుండగా కుడి కిటికీల్లోంచి సినిమాల్లోలా నీలంగా ఎర్రసముద్రం కనిపించింది గాని చూడబుద్ధి కాలేదు. రెండు రోజులుగా బుక్రా అన్న ప్రతివాణ్ణీ తిట్టుకున్నాను. చివరికి రెండేళ్ళుగా విషం తింటున్న మనిషికి నేను చెప్పిందీ అదే మాట, తెలుగులో చెప్పాను అంతే. సిగ్గేసింది.

లాప్‌టాప్ తీసి, రిపోర్టులో సంతకం గడి ఖాళీగా వదిలేసి, వెంటనే చేయాల్సిన పనుల్లో ఏడో బోరు కంటే పైన పద్దెనిమిది మందికీ రక్తపరీక్షలని రాశాను. సుధాకర్ గారికి ఫోన్ చేశాను. శనివారం ఉదయమే అందరినీ క్లినిక్‌కి తీసుకెళ్ళడానికి బండి పెడతానన్నారు, తన కూతురూ వస్తుందన్నారు. ఆ సంగతి చెప్పడానికి నర్సయ్యకి ఫోన్ చేశాను.

"మంచిది సారూ" అన్నాడు. "మళ్ళు పీకేసినం. గింజలు మటుకు ఉంచినం, అవి ఊరికెల్లి తెచ్చినయి. మంచి మట్టి ఏడుందో మీకెరికే గద, జర చూసి చెప్పుండ్రి."

పన్నెండేళ్ళుగా ఈ దేశపు మట్టి పరీక్షిస్తున్నాను. మంచి మట్టి ఎక్కడుందని నన్ను అడిగినవాడు ఆయనొక్కడే.