మూడు సమాధులు, ఒకే దండ

ఉదయం ఆరు నలభైకి మధిరలో రైలెక్కాను. ఖమ్మంలో దిగి ఇడ్లీ తిని, ఇల్లెందు మీదుగా పోయే బస్సులో పదింబావుకు టేకులపల్లి చేరాను. వెళ్లదలచినవారు నీళ్లు వెంట ఉంచుకోండి. అక్కడినుంచి అడవి పల్లెకు ఆటో ఒక్కటే గతి.

బస్సులో పక్క సీటు పెద్దాయన నా కొలతల టేపు చూసి అడిగాడు. "రాకాసి గుళ్లకా? బంగారం ఉంటదా ఏంది?"

"ఎముకలుంటాయి."

"గందుకు గింత దూరమా! మా దవాఖానల బొచ్చెడున్నయ్."

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

రాకాసి గుళ్లంటే వేల ఏళ్లనాటి రాతి సమాధులు. పల్లె శివారులోని మూడింటిని నా పరిశోధన కోసం నిరుడు కొలిచాను, తెరవలేదు. ఈ ఎండాకాలం పట్నం తవ్వకాల బృందమొకటి తెరిచింది. ఎర్ర రాతి పూసలు దొరికాయట. ఆ రాయి ఈ చుట్టుపక్కల లేదు. సమాధుల్లోని ముగ్గురి దగ్గరా ఉంటే బయటినుంచి సరుకు వచ్చిందనుకోవచ్చు. ఒక్కరి దగ్గరే ఉంటే ఆ మనిషే వచ్చి ఉండొచ్చు. పళ్లను పరీక్షిస్తే ఆ మనిషి చిన్నప్పుడు ఎక్కడి నీళ్లు తాగిందీ తెలుస్తుంది.

పల్లె బడి గదిలో ఆ బృందం సూపర్‌వైజర్ ఒక దండ చూపించాడు. నలభై ఒక్క పూసలు: ఒక ఎరుపు, ఒక నలుపు, వరసగా.

"చూసేటోళ్లకు మంచిగుండాలని గుచ్చినం సార్."

"ఏ పూస ఏ సమాధిదో రాశారా?"

"అన్నీ గీడియే గద సార్!"

ముగ్గురి ఎముకలూ ఒకే బియ్యం సంచిలో ఉన్నాయి. నేల మీద గుడ్డ పరిచి లెక్కపెట్టాను. పుర్రెలు మూడు. తొడ ఎముకలు ఆరుండాలి, ఐదే ఉన్నాయి. గొంతు చించుకుని అరిచాను.

తవ్వకంలో మట్టి మోసిన ముత్తమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. "అరిస్తే ఏమొస్తది సారూ? ఎర్రయన్నీ నడిమి గుంతలయే. నా గంపలనే ఏసిండ్రు."

"కళ్లారా చూశావా అమ్మా?"

"అవ్, చూసిన. మీరు గూడ పూసలే అడగవడ్తిరి. ఆళ్లను మళ్లెప్పుడు పండవెడ్తరు? సచ్చిన మా పెద్దలకు గుర్తుగ రాయి నిలబెట్టే జాగ అది. గిట్ల సంచిల కట్టినంక మేం ఏ మొఖం పెట్టుకొని పోవాలె?"

"పైనుంచి ఆర్డర్ రావాలె," అన్నాడు సూపర్‌వైజర్.

"తక్కువైన ఎముక ఎవరిది సారూ?"

ఎర్ర పూసలన్నీ నడిమి సమాధివేనన్న ఆమె మాటను కాగితం మీద పెట్టి సంతకం అడిగాను. ముగ్గురినీ తిరిగి పాతిపెట్టాలని కూడా రాస్తేనే పెడతానంది. రాశాను.

టేకులపల్లి నుంచి నాలుగింటి బస్సులో తిరిగి బయలుదేరాను. ఎక్కడినుంచో వచ్చి ఉండే ఆ నడిమి సమాధి మనిషిని ఈ నేల తనవాళ్ల పక్కన పడుకోబెట్టుకుని వేల ఏళ్లు విడివిడిగా దాచింది. చదువుకున్నవాళ్లకు అందరినీ కలిపేయడానికి ఒక్క వేసవి చాలింది.