మౌన శిబిరంలో మోటారు రిపేరు

ఇరవై ఏళ్ల వయసులో నాకు మెల్లగా మాట్లాడడం రాదు. నరసరావుపేటలో మా మామూ (అంటే మా అమ్మ తమ్ముడు) నడిపే మోటార్ల షాపులో పని నేర్చుకున్నాను. పక్కన లేతు మిషను, ఎదురుగా బస్సులు, లోపల నాలుగు మోటార్లు ఒకేసారి తిరుగుతుంటే, "స్పానరు ఇవ్వు" అన్న చిన్న మాట కూడా అరిచి చెబితేనే పక్కవాడికి వినపడేది. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. నేను అన్నం పెట్టమని అడిగితే మా అమ్మ ముందు చెవులు మూసుకుని, తర్వాత కంచం తీసేది. ఆ రోజుల్లో మా వీధిలో నన్ను పేరుతో పిలిచేవాళ్లు తక్కువ, అందరికీ నేను 'మైకు'ని. అలాంటివాడిని ఏరి కోరి, ఎవరూ నోరు మెదపకూడని చోటికి మోటారు బాగుచేయమని పంపించారు.

శావల్యాపురం వెళ్లే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా, పత్తి మిల్లు ఆసామి ఒకాయన జపాన్ చూసి వచ్చి అలాంటి తోటే ఇక్కడా వేయించాడు. చిన్న కొలను, దాని మీద ఎర్ర రంగు చెక్క వంతెన, వెదురు పొదలు, అలల్లా గీతలు గీసిన తెల్ల గులకరాళ్ల మడి, మాచర్ల నాపరాళ్లతో కాలిబాట, పక్కనే ధ్యానం చేసుకునే హాలు. ఊళ్లోవాళ్లు దాన్ని జపాన్ తోట అనేవారు. ఒకనాటి పొద్దున మామూ వినుకొండలో నికాహ్‌కు వెళ్లి ఉండగా ఆ తోట నుంచి ఫోన్ వచ్చింది. కొలనులో నీళ్లు తిప్పే మోటారు ఆగిపోయిందట, రంగు చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయట. మామూకి ఫోన్ చేస్తే, "నువ్వే పోరా, చిన్న పనే. నోరు మాత్రం అదుపులో పెట్టుకో" అన్నాడు. అక్కడ మూడు రోజుల మౌన శిబిరం జరుగుతోందని ఆయనకు తెలుసు, నాకు తెలియదు. నేను ఒంటరిగా వెళ్తున్న మొదటి పని అది. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లాను.

గేటు దగ్గర తెల్ల చీరలో ఒక మేడమ్ ఎదురొచ్చారు. శిబిరం ఆవిడే నడిపిస్తారు. నేను నోరు తెరిచి "నమస్తే మేడమ్" అనేసరికి వంతెన మీది కొంగ ఎగిరిపోయింది. ఆవిడ వేలు పెదవుల మీద పెట్టుకుని, చేతిలోని నోటు పుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి చూపించారు: 'దయచేసి మౌనము పాటించగలరు.' నేను పెన్ను తీసుకుని 'మోటారు ఏడ ఉంది' అని రాశాను. ఆవిడ చూపించారు. 'సుత్తి దెబ్బ వెయ్యాల' అని రాశాను. 'మృదువుగా వేయగలరు' అని రాశారు. మృదువుగా సుత్తి వేయడం మా షాపులో ఎవరూ నేర్పలేదు.

మోటారు కొలను గట్టు మీద ఉంది. దానికి పదడుగుల దూరంలో హాలు వరండా, వరండా నిండా కళ్లు మూసుకుని కూర్చున్న ముప్ఫై మంది. స్విచ్ బోర్డు మాత్రం తోటకు అవతలి కొసన. నాకు సాయంగా తోటమాలి బాబాయ్‌ని ఇచ్చారు. ఆయన మొదట్లో మిరప రైతు. స్విచ్ బోర్డు గది వెనక్కి తీసుకెళ్లి, రెండు రోజులుగా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారిగా నా చెవిలో పోశాడు. "పాతికేళ్లు మిరప చేలో గొర్రు తోలా అబ్బాయ్. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఈ తెల్ల రాళ్ల మీద గీతలు గీస్తండా. విత్తేది లేదు, కోసేది లేదు. కాకపోతే పురుగుమందు కొట్టే పని కూడా లేదు, అదొక సుఖం." ఇద్దరం సైగలు అనుకున్నాం. నేను చెయ్యి పైకెత్తితే ఆయన స్విచ్ వెయ్యాలి, దించితే ఆపాలి.

పని మొదలుపెట్టే ముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకోవాలన్నది మా షాపులో మొదటి పాఠం. కానీ ఆ ఫ్యూజు పెట్టె మూత తుప్పు పట్టి కీచుమంటోంది. మౌనానికి భంగమెందుకని వదిలేశాను. (జీవితంలో నేను మర్యాదకు పోయి చేసిన తప్పుల్లో ఇదే పెద్దది.) పంపు విప్పితే లోపల ఒక తెల్ల రాయి ఇరుక్కుని ఉంది. తీసేసి, పంపు బిగించి, నీళ్లు నింపాను. ఇక పైపు తగిలించడమే మిగిలింది. పంపు నోరు వరండా వైపు తెరిచి ఉంది. సరిగ్గా అప్పుడు ఒక కందిరీగ నా చెవి దగ్గరికి వచ్చింది. దాన్ని తోలడానికి చెయ్యి పైకెత్తాను.

బాబాయ్ మాట తప్పని మనిషి. వెంటనే స్విచ్ వేశాడు.

నీళ్లు ఏనుగు తొండంలోంచి వచ్చినట్టు వచ్చి వరండాలో మొదటి వరస మీద పడ్డాయి. నేను చెయ్యి దించాలి కదా, ఆ సంగతే మర్చిపోయి రెండు చేతులూ పైకెత్తి, "ఆపు బాబాయ్! ఆపూ!" అని అరిచాను. నా అరుపుకు గోడ అవతల గేదెలు కూడా తలలెత్తాయని తర్వాత చెప్పారు. రెండు చేతులూ చూసిన బాబాయ్ పాపం స్విచ్‌ని ఇంకా గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. మొదటి వరసలో కూర్చున్న మాజీ సర్పంచి గారు (డాక్టరు బీపీ తగ్గించుకోమంటే వచ్చారట) లేచి, "ఒరేయ్, ఎవడ్రా అది!" అని గర్జించి, రెండు రోజుల మౌనం గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నాకు సైగ గుర్తొచ్చి చేతులు దించి, మోటారు ఆగేసరికి, వరస ముందు కూర్చున్న మేడమ్ నిలువునా తడిసి నిలబడ్డారు. నన్ను తిట్టడానికి నోటు పుస్తకం తెరిచారు. కాగితాలు ముద్దయ్యాయి, పెన్ను రాయలేదు. రెండుసార్లు విదిలించి చూసి, చివరికి నోరే తెరిచారు. "ఏందయ్యా నువ్వు చేసిన పని? నీకేమన్నా బుద్ధుందా? చానా మంచి మెకానిక్కునే పంపిచ్చారు! ముందా చేపల సంగతి చూడు, చస్తన్నయ్!"

అప్పుడు చూశాను. రెండు చేపలు పక్కకు ఒరిగిపోయాయి. పైపు బిగిద్దామంటే, నీళ్ల జోరుకు వాషరు ఎగిరి ఎక్కడో పడిపోయింది. బాబాయ్ తన సైకిలు ట్యూబు తెచ్చి ఇచ్చాడు, దాంట్లోంచి వాషరు కోయడం మొదలుపెట్టాను. మాజీ సర్పంచి గారు పంచె ఎగ్గట్టి కొలనులోకి దిగారు. "గాలాడక తేల్తన్నయ్. నీళ్లు ఎత్తి పైనుంచి పొయ్యాల. బకెట్లు తేండి" అన్నారు. బకెట్లు వచ్చాయి, బిందెలు వచ్చాయి, వంటగదిలోంచి సాంబారు గిన్నె వచ్చింది. మేడమ్ కూడా చీర కొంగు దోపుకుని దిగారు. ముప్ఫై మందీ వరస కట్టి నీళ్లు ముంచి ఎత్తిపోశారు. ఆ అరగంటా ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడొద్దని ఎవరూ చెప్పనూ లేదు. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. నేను కూడా కత్తెర కావాలని బాబాయ్‌కి వేళ్లతోనే చెప్పాను.

మోటారు తిరిగింది. ఒక చేప చనిపోయింది, దాన్ని బాబాయ్ వెదురు పొద కింద పూడ్చాడు. మిగతావి మెల్లగా అడుక్కి దిగాయి. నేను తల వంచుకుని సామాన్లు సర్దుకుంటుంటే మేడమ్ వచ్చి, "ఏడకి పోతావు ఆ తడిబట్టల్తో? వరండాలో కూచో. అన్నం తినిపో" అన్నారు. చివరి వరసలో గోడ పక్కన కూర్చున్నాను. కళ్లు మూసుకోవాలట, మూసుకున్నాను. వినుకొండ నికాహ్‌లో బిర్యానీ గుర్తొచ్చింది, మామూకి ఏం చెప్పాలో గుర్తొచ్చింది, ఆ తర్వాత ఏదీ గుర్తు లేదు. కళ్లు తెరిచేసరికి వరండా ఖాళీ. గోడకూ నా తలకూ మధ్య ఎవరో చిన్న దిండు పెట్టారు. బాబాయ్ విస్తరితో నిలబడి, "బాగా కుదిరిందబ్బాయ్ నీకు ధ్యానం. గురక కూడా ఒకే లెక్కన వచ్చింది" అన్నాడు.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. సొంత షాపు, రెండు ఫోన్లు, రోజుకొక బీపీ మాత్ర. డాక్టరు చెబితే ఒకటి రెండు చోట్ల ధ్యానం కూడా నేర్చుకున్నాను. శ్వాస మీద ధ్యాస పెట్టమంటారు, పెడతాను, అది రెండు నిమిషాల్లో షాపు షట్టరు దగ్గరికి వెళ్లి నిలబడుతుంది. అప్పుడప్పుడు, గోళ్లలో గ్రీజుతో, ఎవరూ ఏమీ నేర్పకుండానే గోడకు చేరగిలబడి నిద్రపోయిన ఆ కుర్రాడు కళ్లకు కడతాడు. నవ్వొస్తుంది. లేపకుండా, చప్పుడు చేయకుండా, వాడి పక్కన కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.